రెండు దీర్ఘాలు

"మీ భాగస్వామి ఎవరు? భాగస్వామి వల్ల మీకు కలిగే విలువ ఏమిటి? ఆ విలువను ఎలా కొలుస్తారు?"

కాగితం మీదున్న ఆ మూడు ప్రశ్నల్నీ లీదియా రెండుసార్లు చదివింది. తడిసిన గొడుగును ఎక్కడ పెట్టాలో తెలియక గుమ్మంలోనే నిలబడ్డ మనిషి వంక చూసింది.

"ఇవి అడగడానికేనా ఇంత వానలో పడవెక్కి వచ్చారు?"

"అవును మేడమ్. ఆఫీస్ ఫారం. అందరూ నింపాలి. మీరు కూడా."

"నేను కూడానా?"

"మీరు కూడా మేడమ్. రూల్ అది," అన్నాడతను. ఆ అనడంలో కొంటెతనమేమీ లేదు. అందుకే ఆమెకు ఇంకా ఒళ్ళు మండింది.

అతని పేరు నెహెమ్యా. తీరం ట్రస్టు ఆఫీసులో కొత్తగా చేరాడు. ఆ ట్రస్టు, దీవిలో సముద్రపాయకు ఇవతల ఉన్న బాంబూఫ్లాట్ జెట్టీ వెనక మెట్ట మీద, రేకుల కప్పున్న ఒక గదిని ముసలివాళ్ళ కోసం నడుపుతోంది. పదకొండు మంది పొద్దున్నే వచ్చి సాయంత్రం దాకా ఉంటారు. అందరూ తెలుగువాళ్ళే. పాయకు అవతల చాతంలోని రంపపు మిల్లులో పనిచేసి రిటైరైనవాళ్ళు కొందరు, అలాంటివాళ్ళ భార్యలు మరికొందరు. వాళ్ళకు టీ పెట్టి, మందులిచ్చి, బైబిలో పేపరో చదివి వినిపించడం లీదియా ఉద్యోగం. వచ్చే ఏడాదికి ఈ గది పెట్టుకున్న లక్ష్యాలేమిటో, వాటిని ఎలా కొలుస్తారో నెలాఖరులోగా రాసివ్వాలట. ఇవ్వకపోతే గదిని కంప్యూటర్ క్లాసుకు ఇచ్చేస్తారట. ఆ సంగతి కూడా అతను రూల్ ఒప్పజెప్పినట్టే చెప్పాడు.

లీదియా పెన్ను తీసింది. ఆమెకు ముప్పై రెండేళ్ళు. రెండేళ్ళ కిందట అమ్మ పోయింది. తమ్ముడు కెల్విన్ దీవుల మధ్య తిరిగే ఓడలో పనిచేస్తాడు. లంబాలైన్‌లో, విమానాలు ఇంటికప్పును రాసుకుంటూ దిగుతున్నట్టుండే వీధిలో, రెండు గదుల అద్దె ఇంట్లో ఒక్కతే ఉంటుంది. ఈ గది పోతే పగలు కూడా ఆ ఇల్లే మిగులుతుంది.

ముసలివాళ్ళకు ప్రశ్నలు చదివి వినిపించి, జవాబులు తనే రాసింది. గది గదంతా గోలైపోయింది. మిల్లులో ముప్పై ఏళ్ళు చేసిన గవరయ్య తాత చేతికర్ర నేలకు కొట్టి, "దుంగలైతే సుట్టుకొలత తీసి సెప్పెస్తును బాబూ. పెళ్ళాన్ని ఎలాగ కొలిసీది? బతికుండగా కొలిస్తే సంపేసును," అన్నాడు. ముసలమ్మ అనే ఆవిడ మొగుడి పేరెత్తగానే తిట్లు లంకించుకుంది. చివరికి కళ్ళొత్తుకుంది.

అన్నీ అయ్యాక లీదియా తన ఫారం నింపి, పన్నెండూ కలిపి అతని చేతిలో పెట్టింది. మొహం వంక చూడలేదు.

*

శుక్రవారం అతను మళ్ళీ వచ్చాడు. అవే ఫారాలు ప్లాస్టిక్ కవర్లో చుట్టి తెచ్చాడు. ఆమె ఇంటికి బయల్దేరేదాకా ఆగి, జెట్టీ దాకా వెంట నడిచి, పడవ లేటని తెలిశాక నోరు విప్పాడు.

"మేడమ్, ఒక హెల్ప్. ఇవి నాకు చదివి పెడతారా?"

"మీకు తెలుగు రాదా? మరి మాట్లాడుతున్నారుగా."

"మాట్లాడ్డం వస్తుంది. చదవడం, లిఖ్‌నా, అదంతా హిందీలోనే. స్కూల్లో తెలుగు లేదు. చర్చిలో పాటలు కూడా అమ్మ పక్కన నిలబడి పాడేస్తాను. పుస్తకం ఊరికే పట్టుకుంటా."

ఆ ఊరికే పట్టుకున్న పుస్తకం లీదియా కళ్ళ ముందు కదిలింది. నవ్వు రాబోతే ఆపుకుని మొదటి ఫారం చదివింది. అతను కాస్త విని అయోమయంగా చూశాడు. గది గురించి అడిగితే తాత భార్య గురించి ఎందుకు చెప్పాడన్నాడు. భాగస్వామి అంటే మరెవరనుకున్నారని ఆమె అడిగింది.

"స్టేక్‌హోల్డర్ మేడమ్. మత్‌లబ్, ఈ గది ఉంటే ఎవరికి మేలు, పోతే ఎవరికి నష్టం, వాళ్ళంతా. ఆఫీస్‌లో కంప్యూటర్‌తో తెలుగు చేయించారు. పెళ్ళికార్డుల్లో కూడా ఈ మాటే ఉంటుందని నాకేం తెలుసు?"

లీదియా నవ్వు ఈసారి ఆగలేదు. జెట్టీ షెడ్డులో చేపల బుట్టల పక్కన కూర్చున్న ఆడవాళ్ళు తలెత్తి చూసేంతసేపు నవ్వింది. తను అలా నవ్వి ఎన్నాళ్ళయిందో ఆమెకే గుర్తు లేదు. నెహెమ్యా చెవులు ఎర్రబడ్డాయి.

నవ్వాగాక అతను తన పనేమిటో చెప్పాడు. పాత లక్ష్యాల్లో కుర్చీలెన్ని, రోజుకు టీలెన్ని అనే ఉండేదట. కుర్చీ నిండినంత మాత్రాన కూర్చున్న మనిషికి ఏం దక్కిందో ఎలా తెలుస్తుంది? ఎవరి కోసం అన్నది ముందు తేలాలి. వాళ్ళకు దేని విలువ ఉందో వాళ్ళనే అడగాలి. అది అందుతోందో లేదో చూసే కొలత ఒకటి దొరకాలి. అప్పుడే లక్ష్యం పెట్టుకోవాలి. చెబుతున్నంతసేపూ అతని చేతులు గాల్లో పెట్టెలు గీశాయి.

వాన పెరిగింది. షెడ్డు చూరు నుంచి నీళ్ళు తెరలా దిగుతున్నాయి. ఆమె ఒక్కొక్క ఫారమే చదువుతోంది, అతను హిందీలో రాసుకుంటున్నాడు. యర్రమ్మ ఫారం దగ్గర ఆమె గొంతు నెమ్మదించింది. యర్రమ్మకు ఎనభై ఒకటి. మనవళ్ళ ఇంట్లో ఉంటుంది.

"ఆయన నన్ను యర్రమ్మా అని పిలిచీవోడు. నలుగురిలో పెళ్ళాన్ని పేరెట్టి పిలుస్తాడని అందరూ నవ్వీవోరు. ఇప్పుడు ఇంట్లో మనవలు హిందీలో నానీ అంటారు, బయట అమ్మా అంటారు. నా పేరెట్టి పిలిచీవోళ్ళు నేరు. ఒక్కోపాలి నాకే గుర్తు రాదు."

నెహెమ్యా రాయడం ఆపేశాడు. "మేడమ్, ఇది కొలవొచ్చు," అన్నాడు.

"ఏది?"

"రోజుకి ఎన్నిసార్లు పేరుతో పిలిచారు అనేది."

తప్పుగా అడిగిన ప్రశ్నకు సరైన జవాబు దొరికిందని ఇద్దరికీ ఒకేసారి తోచింది. అతను ఫారాలు లెక్కపెట్టుకున్నాడు. "పదకొండు అయ్యాయి. పన్నెండోది?"

ఆమె దాన్ని అడుగున దాచింది. ఇక తప్పక తీసి, రేడియోలో వాతావరణం చెప్పినట్టు చదివింది. "భాగస్వామి, లేరు. విలువ, వర్తించదు. కొలత, కొలవడానికి మనిషంటూ ఉండాలి."

అతను నవ్వలేదు, అయ్యో అనలేదు. కాగితం అడిగి తీసుకుని, పైన ఉన్న పేరు దగ్గర వేలు పెట్టాడు. "ఇది మీ పేరేనా? మొదట ఒకటి, చివర ఒకటి, ఈ వంకరలేంటి?"

"దీర్ఘాలు. ఒకటి లీకి, ఒకటి యాకి. అవి తీసేస్తే అది నేను కాదు, ఇంకెవరో."

"బడీ మాత్రా," అనుకున్నాడు తనలో తను, దీర్ఘానికి హిందీలో అదే మాట. చూపుడువేలితో తడి బల్ల మీద ఆ వంకర ఒకసారి గీశాడు. పడవ కూత వేసింది.

*

సోమవారం నుంచి ఆరు రోజులు అతను గదిలో మూలన కూర్చుని, పెన్సిల్‌తో గీతలు పెట్టుకున్నాడు.

మొదటి రోజు పదకొండు మందికీ కలిపి మూడు గీతలొచ్చాయి. అందులో రెండు గవరయ్యవే. "ఒరే గవరయ్యా, కళ్ళజోడు ఎక్కడెట్టావురా," అని రెండుసార్లు తనను తనే తిట్టుకున్నాడు. అవి లెక్కలోకి వస్తాయా రావా అని లీదియాకూ నెహెమ్యాకూ పావుగంట వాదన నడిచింది. తనను తను పిలుచుకుంటే చెల్లదంది ఆమె. తాత ఒప్పుకోలేదు. తన గీతలు తనకు కావాలన్నాడు.

తప్పు ఎక్కడుందో లీదియాకు ఆ సాయంత్రమే తట్టింది. రోజూ హాజరుపట్టీలో మొహాలు చూసి టిక్కులు పెట్టేది తనే. మామ్మా, తాతా అనేదీ తనే. పెద్దవాళ్ళను పేరుతో పిలవడమేమిటని నోరు రాలేదు. మంగళవారం పొద్దున్న పట్టీ తెరిచి, బళ్ళో టీచరులా పిలిచింది.

"యర్రమ్మ."

యర్రమ్మ వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరినైనా అన్నారేమోనని. తర్వాత చీర కొంగు సర్దుకుని, "ఉన్నానమ్మా," అంది.

గురువారానికల్లా పొద్దున్న ఆ పిలుపు కోసం అందరూ ముందే వచ్చి కూర్చోవడం మొదలైంది. ఒకళ్ళనొకళ్ళు పేర్లతో పిలుచుకుంటున్నారు. శుక్రవారం కిటికీ దగ్గర కుర్చీ కోసం యర్రమ్మా ముసలమ్మా పేర్లు పెట్టి దెబ్బలాడుకున్నారు. తిట్టుకుంటే కూడా లెక్కేనా అని గవరయ్య అడిగాడు. "పక్కా లెక్కే తాతా," అన్నాడు నెహెమ్యా, రెండు చేతులా గీతలు పెడుతూ. తాత అని పిలిచినందుకు గవరయ్య అతన్నీ సరిచేశాడు.

సాయంత్రాలు ఇద్దరూ ఒకే పడవలో చాతం వచ్చేవారు. పావుగంట దారి. వాన జల్లు ఒకవైపు నుంచి కొడితే ఇద్దరూ రెండోవైపు జరిగేవారు. వేయించిన శనగల పొట్లం అతను కొనేవాడు. సగానికి పైగా ఆమె తినేది. ఆఫీసులో హిందీవాళ్ళకు తన పేరు నోరు తిరగక నేమీజీ అంటారని, దాంతో తనెవరో నేమ్‌బోర్డులు రాసేవాడిలా తయారయ్యానని చెప్పాడు. పేరు మొత్తం పలికేది బ్రూక్షాబాద్‌లో ఉన్న అమ్మ ఒక్కతేనట, అదీ కోపం వస్తేనే. మరి కోపం తెప్పించండి అంది లీదియా. చాతంలో దిగి అతను ఒకవైపు, ఆమె ఒకవైపు బస్సెక్కేవారు. ఆ వారంలో ఒకరోజు ఆమె అన్నానికి ఒక గ్లాసుకు బదులు గ్లాసున్నర బియ్యం పోసి, పోశాక చూసుకుంది. తిరిగి తీయలేదు.

ఆరో రోజు శనివారం. అతను టీ గ్లాసులు కడగడానికి లేచాడు. బల్ల మీద ఫైలు గాలికి తెరుచుకుంది. ఎగరకుండా పట్టుకోబోయిన లీదియాకు పైనున్న కాగితం కనబడింది. ఎడంవైపు పేర్లు, కుడివైపు ఆరు రోజుల మొత్తాలు. యర్రమ్మ, ముప్పై నాలుగు. గవరయ్య, నలభై. పదకొండు పేర్లూ హిందీలో ఉన్నాయి. పన్నెండో పేరు ఒక్కటే తెలుగులో ఉంది, చిన్నపిల్లల రాతలా వంకరటింకరగా.

"లిదియ" అని ఉంది. దీర్ఘాలు రెండూ లేవు. దాని పక్కన సున్నా ఉంది.

ఆమె ఆ సున్నా వంక చూస్తూ ఉండిపోయింది. నిజమే. ఇక్కడ టీచరమ్మ. బస్సులో దీదీ. ఇంటి ఓనరమ్మకు బేటీ. చర్చిలో సిస్టర్. ఆదివారాలు ఫోన్లో కెల్విన్‌కు అక్క. అమ్మ పోయాక ఆ పేరు వంటింట్లో అమ్మ గ్లాసులాగే ఎవరూ తీయకుండా ఉండిపోయింది. తెలియక కాదు. ఇంకొకరు గీతలు గీసి తేల్చాక వేరే రకంగా తగిలింది.

నెహెమ్యా చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"నేను మీ లెక్కల్లో ఎందుకున్నాను?"

"మీరు కూడా ఈ గదిలో..."

"సున్నా వేశారు."

"వేయలేదు మేడమ్. ఉన్నదే రాశా."

అంతకన్నా చెడ్డ జవాబు లేదు. ఆ సంగతి అనేశాక అతనికీ తెలిసింది. నాకెవరూ లేరని ఆఫీసంతటికీ పంపుతారా అని ఆమె అడిగింది. గొంతు పెంచలేదు. అతను కింద ఇంకో కాగితం ఉందంటూ ఏదో చెప్పబోయాడు. ఆమె అప్పటికే గొడుగు తీసుకుంది. ఆ సాయంత్రం ఒక్కతే ముందు పడవకు వెళ్ళిపోయింది.

*

మూడు వారాలు అతను రాలేదు. ఫైలు మాత్రం పైకి వెళ్ళిందని తెలిసింది.

పొద్దున్న పేర్లు పిలవడం ఆమె మానలేదు. పదకొండు మందీ ఉన్నానమ్మా, ఉన్నానమ్మా అన్నాక పట్టీ మూసేసేది. మూసేటప్పుడు గదిలో ఒక క్షణం నిశ్శబ్దంగా ఉండేది. అంతకుముందు కూడా అలాగే ఉండేదేమో, ఆమె గమనించలేదు.

సాయంత్రం పడవలో వాన జల్లు ఏవైపు నుంచి కొట్టినా ఉన్నచోటే కూర్చునేది. అన్నం మళ్ళీ ఒక్క గ్లాసుకు వచ్చింది. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి, చీర మార్చుకోకుండానే వంటింటి గట్టు దగ్గర నిలబడి, తన పేరు తనే పైకి అనుకుంది. సరిగ్గా అప్పుడే విమానం దిగింది. గిన్నెలు గలగలమన్నాయి. పేరు ఆమెకే వినబడలేదు. తనను తను పిలుచుకుంటే చెల్లదని గవరయ్యతో వాదించింది తనే కదా అనుకుని గ్యాసు వెలిగించింది.

నాలుగో శుక్రవారం మధ్యాహ్నం పడవలో ట్రస్టు కవరు వచ్చింది. అందరూ ఆమె చుట్టూ చేరారు. ఆమె చించి చదివింది. గది ఇంకో ఏడాది ఉంటుంది. ప్రతి సభ్యుడినీ రోజుకు కనీసం ఐదుసార్లు పేరుతో పిలవాలన్న లక్ష్యాన్ని ట్రస్టు ఒప్పుకుంది. ముసలమ్మ దేవుడికి చేతులెత్తింది. గవరయ్య ఐదుకు తగ్గితే తను ఊరుకోనన్నాడు.

ఉత్తరం వెనక రెండు కాగితాలు పిన్ను చేసి ఉన్నాయి. మొదటిది ఆమె చూసిందే. రెండోది చూడలేదు. అందులో ప్రతి పేరుకూ చేరాల్సిన లక్ష్యం, పక్కన జిమ్మేదారీ అని ఆ పని ఎవరి బాధ్యతో రాసి ఉంది. పదకొండు పేర్లకూ బాధ్యత లీదియాదే.

పన్నెండో పేరు మళ్ళీ తెలుగులోనే ఉంది. "లిదియా." ఈసారి ఒక దీర్ఘం వచ్చింది, ఇంకోటి రాలేదు. లక్ష్యం గడిలో, బతికున్నన్ని రోజులూ అని హిందీలో ఉంది. జిమ్మేదారీ గడిలో, నెహెమ్యా.

ఆ వరుస మీద ఎవరో పెద్దాఫీసరు ఎర్ర పెన్నుతో గీత కొట్టి, స్టాఫ్ లెక్కలోకి రారు, తీసేయండి అని రాశాడు. దాని కింద నీలం పెన్నుతో చిన్న అక్షరాలు. ఆఫీసు లెక్కలోంచి తీసేశాను సార్, బాధ్యత నాదే.

లీదియా కుర్చీలో కూర్చుంది. ఏటయిందమ్మా అని యర్రమ్మ నాలుగోసారి అడిగాక, చదివి వినిపించింది. ఆ గదిలో ఎవరికి ఏ ఉత్తరం వచ్చినా పైకి చదవడమే ఆమెకు అలవాటు.

"జిమ్మేదారీ అంటే ఒప్పుకోలే కదేటి," అన్నాడు గవరయ్య. "కాగితమ్మీద సంతకమెట్టి, పైవోడు కొట్టేస్తే మళ్ళీ ఎట్టాడు. నేను మా ఆవిడకి ఇంత గట్టిగా ఎప్పుడూ రాసివ్వనేదు."

యర్రమ్మ లేచొచ్చి ఆమె గడ్డం పట్టుకుంది. "నీ పేరు నేను పిలవలేకా టీచరమ్మా? పిలుద్దును. కానీ అది నా జిమ్మేదారీ కాదట. మూడున్నర పడవుంది, ఇంకా కూకున్నావేటి?"

*

మూడున్నర పడవ చాతం చేరేసరికి వాన కుమ్మరిస్తోంది. ముందు మోటారుసైకిళ్ళు దిగాయి. వెనక సంచులతో, బుట్టలతో మనుషులు దిగుతున్నారు. ఎక్కేవాళ్ళు చూరు కింద బారులు తీరి తోసుకుంటున్నారు. అతని ఆఫీసుకు ఏ బస్సు వెళ్తుందో అనుకుంటూ లీదియా గొడుగు తెరవబోయి ఆగింది.

బారు చివర నెహెమ్యా ఉన్నాడు. చేతిలో శనగల పొట్లం తడిసి ముద్దయింది. అప్పటికి మూడు శుక్రవారాలుగా అతను ఈ బారు చివరిదాకా వచ్చి, పడవ వెళ్ళేదాకా చూసి వెనక్కి పోతున్నాడని ఆమెకు తర్వాత తెలిసింది.

ఇద్దరి మధ్యా జనం. అతను చెయ్యెత్తాడు. "మేడ..." అని ఆగిపోయాడు. గొంతు సవరించుకున్నాడు. చర్చిలో పుస్తకం ఊరికే పట్టుకుని పాడే మనిషి, ఇప్పుడు పుస్తకం లేకుండా, జెట్టీ మొత్తానికీ వినబడేలా పిలిచాడు.

"లీదియా."

లీ సాగింది. యా ఇంకా సాగింది. రెండు దీర్ఘాలూ ఉన్నాయి.

ముందున్న ఒకాయన వెనక్కి తిరిగి, ఎవరినంటున్నావు భయ్యా అన్నట్టు చూశాడు. లీదియా ఒక్కసారి తనూ వెనక్కి చూడబోయింది, ఇంకెవరైనా ఉన్నారేమోనని. తర్వాత కొంగు సర్దుకుంది.

"ఉన్నాను," అంది.

వాన హోరులో అతనికి వినబడలేదు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. బాంబూఫ్లాట్ పడవ కూత వేసి కదిలింది. బారులో అతను ఒక్కడే మిగిలాడు. ఆమె బుట్టల మధ్య నుంచి దారి చేసుకుని అతని ముందుకొచ్చి, గొడుగు అతని మీదికి కూడా జరిపింది.

"ఉన్నానన్నాను. వినబడిందా, నెహెమ్యా గారూ?"

అతను పేరంతా విన్నాడు. చివరిదాకా విని, "గారు వద్దు. లెక్క తప్పుతుంది," అన్నాడు.

ఆమె అతని జేబులోంచి పెన్సిల్ తీసి, తడిసిన శనగల పొట్లం మీద రెండు గీతలు పెట్టింది. ఒకటి తనది, ఒకటి అతనిది.